తాళం ఒకరి దగ్గర, నష్టం ఇంకొకరికి: ఐటీ ఇన్‌ఫ్రా సపోర్ట్‌ను ఆఫ్‌షోర్‌కి ఇస్తే రిస్క్ ఎక్కడ పుడుతుంది?

అమెరికాలో బ్లీచ్, క్లీనింగ్ సరుకులు తయారుచేసే క్లోరాక్స్ కంపెనీ మీద 2023 ఆగస్టులో సైబర్ దాడి జరిగింది. ఉత్పత్తి దెబ్బతింది. కొన్నాళ్లు ఆర్డర్లు కూడా చేత్తోనే చూసుకోవాల్సి వచ్చింది. రెండేళ్ల తర్వాత, 2025 జులైలో, తన ఐటీ హెల్ప్‌డెస్క్ నడిపిన కాగ్నిజెంట్ మీద ఆ కంపెనీ 38 కోట్ల డాలర్లకు దావా వేసింది. అందులోని ఆరోపణ వింటే ‘ఇంతేనా’ అనిపిస్తుంది. హ్యాకర్ హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేసి, తాను ఉద్యోగినని చెప్పి పాస్‌వర్డ్ మార్చమన్నాడట. అవతలివాళ్లు నువ్వెవరు, రుజువేమిటి అని అడగకుండానే మార్చి ఇచ్చారట. కాగ్నిజెంట్ మాట వేరు: మాకు అప్పగించింది హెల్ప్‌డెస్క్ వరకే, సైబర్ సెక్యూరిటీ మా పని కాదు, మీ రక్షణే బలహీనంగా ఉంది అంది.

అదే 2025లో బ్రిటన్‌లోని ఎం అండ్ ఎస్ రిటైల్ సంస్థ ఆన్‌లైన్ అమ్మకాలు వారాల తరబడి ఆగిపోయాయి. లాభం మీద దాదాపు 30 కోట్ల పౌండ్ల దెబ్బ పడుతుందని సంస్థే అంచనా వేసింది. దాడి చేసినవాళ్లు వేరొకరిలా నటించి, బయటి సంస్థ ద్వారా లోపలికి వచ్చారని చెప్పింది.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ఒక పక్క నుంచి ‘చౌక కోసం పరాయి దేశానికి ఇస్తే ఇంతే’ అని వినిపిస్తుంది. ఇంకో పక్క నుంచి ‘సొంత టీమ్ ఉంటే మాత్రం దాడులు జరగవా’ అన్న జవాబు. రెండింటిలోనూ కొంత నిజముంది. విడదీసి చూస్తే రిస్క్ మూలం దేశం పేరులో కంటే మరో చోట ఎక్కువగా కనిపిస్తుంది. సిస్టమ్‌ను ముట్టుకునేవాడు, దాని సంగతి పూర్తిగా తెలిసినవాడు, అది ఆగితే నష్టపోయేవాడు: ఈ ముగ్గురూ ఒకప్పుడు ఒకే కప్పు కింద ఉండేవాళ్లు. ఔట్‌సోర్సింగ్ వాళ్లను విడదీస్తుంది. ఆఫ్‌షోర్ ఆ ఎడాన్ని ఇంకాస్త పెంచుతుంది.

ఔట్‌సోర్సింగ్ వేరు, ఆఫ్‌షోర్ వేరు

ఈ రెండు మాటల్నీ కలిపేసి వాడుతుంటాం. ఔట్‌సోర్సింగ్ అంటే పనిని బయటి కంపెనీకి ఇవ్వడం. ఆఫ్‌షోర్ అంటే పని వేరే దేశంలో జరగడం. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉండాలని లేదు. పక్క వీధిలోని వెండర్‌కి ఇచ్చినా అది ఔట్‌సోర్సింగే. వేరే దేశంలో సొంత ఆఫీసు పెట్టి, సొంత ఉద్యోగులతోనే పని చేయించుకుంటే అది ఆఫ్‌షోర్ అవుతుంది కానీ ఔట్‌సోర్సింగ్ కాదు. జీసీసీలు (గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు) అని వింటున్నామే, అవి ఈ కోవలోవే. ఇండియాలో ఇలాంటివి 1,700 దాటాయి. పైగా రెంటికీ రిస్కులు వేరు. కాంట్రాక్టు, బాధ్యత, వెండర్ దివాలా లాంటివి ఔట్‌సోర్సింగ్ తెచ్చేవి. టైమ్ జోన్, చట్టాలు, సముద్రం అడుగున కేబుళ్లు ఆఫ్‌షోర్ తెచ్చేవి. వెండర్‌తో పడలేక జీసీసీ పెట్టుకున్న కంపెనీకి మొదటి రకం తలనొప్పి పోతుంది, రెండోది ఎక్కడికీ పోదు.

ఇన్‌ఫ్రా సపోర్ట్ అంటే సర్వర్లు, నెట్‌వర్క్, స్టోరేజ్, డేటాబేస్‌లు, బ్యాకప్‌లు, ప్యాచింగ్ (సాఫ్ట్‌వేర్‌కి సవరణలు వేయడం), మానిటరింగ్, హెల్ప్‌డెస్క్. అప్లికేషన్ కోడ్ రాసే పనికీ దీనికీ పెద్ద తేడా ఉంది. కోడ్‌లో తప్పుంటే టెస్టింగ్‌లో దొరికే అవకాశముంది. ఇన్‌ఫ్రా పని మాత్రం నేరుగా ప్రొడక్షన్, అంటే వాడకంలో ఉన్న అసలు సిస్టమ్ మీదే, అడ్మిన్ అధికారాలతో జరుగుతుంది. తప్పు జరిగిన క్షణంలోనే దెబ్బ తగులుతుంది. అందుకే కోడ్ ఆఫ్‌షోర్‌కి ఇచ్చిన అనుభవం ఉంది కదా అని ఇన్‌ఫ్రాను కూడా అదే కొలతతో కొలవడం కుదరదు.

సపోర్ట్ సాధారణంగా మూడు మెట్లు. ఎల్-1 వాళ్లు అలర్ట్ చూసి, ఏ సమస్యకి ఏం చేయాలో రాసి ఉంచిన రన్‌బుక్‌లో ఉన్నది చేస్తారు. వాళ్ల వల్ల కాకపోతే టికెట్ (నమోదైన సమస్య) ఎల్-2కి వెళ్తుంది. అక్కడా తేలకపోతే ఎల్-3 నిపుణులకు. ఎల్-1లో చేరేవాళ్లు ఎక్కువగా కొత్తవాళ్లు, నైట్ షిఫ్ట్‌లో కూర్చునేదీ వాళ్లే.

అర్ధరాత్రి అలర్ట్: అందరూ రూల్ ప్రకారమే చేసినా

ఒక ఊహాజనిత రాత్రిని దగ్గర నుంచి చూద్దాం. నెలాఖరు. క్లయింట్ దేశంలో రాత్రి 2 గంటలు, అందరూ నిద్రలో ఉన్నారు. ఆఫ్‌షోర్ సెంటర్‌లో షిఫ్ట్ మారుతున్న సమయం. ఒక సర్వర్‌లో మెమరీ 95 శాతం దాటిందని అలర్ట్ వచ్చింది. పాత షిఫ్ట్ కుర్రాడు క్యాబ్ టైమ్ అవుతోందని హ్యాండోవర్ షీట్‌లో ఒక లైన్ రాసి లేచాడు. కొత్త షిఫ్ట్‌లో వచ్చినమ్మాయి రన్‌బుక్ తెరిచింది. ‘మెమరీ 95 శాతం దాటితే, 15 నిమిషాలు చూసి, తగ్గకపోతే సర్వీస్ రీస్టార్ట్ చేయాలి’ అని ఉంది. పదిహేను నిమిషాలు చూసింది. తగ్గలేదు. రీస్టార్ట్ చేసింది. అలర్ట్ పోయింది, టికెట్ క్లోజ్ అయింది, ఎస్‌ఎల్‌ఏ గడువు (ఒప్పందంలో రాసుకున్న సమయం) లోపలే.

నెలలో ఆ ఒక్క రాత్రి ఆ సర్వర్ మీద జీతాల లెక్క నడుస్తుంది. మెమరీ పెరగడం మామూలే, గంటలో దానంతటదే తగ్గుతుంది. ఈ సంగతి తెలిసినాయన క్లయింట్ వైపు ఇరవై ఏళ్లుగా పనిచేసినవాడు. పని వెండర్‌కి వెళ్లినప్పుడు ఆయన పోస్టు కూడా పోయింది. రన్‌బుక్ రాసిన రోజున ఆయన్ని ఎవరూ ‘నెలాఖరున ఏమైనా తేడా ఉంటుందా’ అని అడగలేదు. అడగకపోతే చెప్పాలని ఆయనకూ తట్టలేదు, ఆయన దృష్టిలో అది అందరికీ తెలిసిన విషయమే.

పొద్దున బ్రిడ్జ్ కాల్‌లో నలభై మంది ఉంటారు. తప్పు ఎవరిది? ఆ అమ్మాయి రన్‌బుక్ ప్రకారమే చేసింది. రన్‌బుక్‌ను క్లయింట్ ఆమోదించాడు. వెండర్ ఎస్‌ఎల్‌ఏ తప్పలేదు. అయినా వేలమందికి జీతం ఆలస్యమైంది. మూలకారణం రాసే నివేదికలో (ఆర్‌సీఏ) ‘డాక్యుమెంటేషన్ లోపం’ అని రాసి, రన్‌బుక్‌లో ఒక లైన్ కలిపి ముగిస్తారు. ఇంకో సర్వర్ కథ మరో నెల బయటపడుతుంది.

ఇదే రీస్టార్ట్ సొంత టీమ్‌లోని కొత్త కుర్రాడు చేసి ఉండేవాడు కాదా అంటే, చేసి ఉండవచ్చు. తేడా ఏమిటంటే పక్క సీట్లో ‘ఆగాగు, ఇవాళ ముప్పయ్యో తారీఖు’ అనేవాడు ఉండే అవకాశం ఎక్కువ.

కేటీలో జారిపోయేది

పని చేతులు మారేటప్పుడు కేటీ, అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, జరుగుతుంది. మొదట పాత టీమ్ చెప్తుంది, కొత్త టీమ్ రాసుకుంటుంది. తర్వాత షాడో: పాతవాళ్లు చేస్తుంటే కొత్తవాళ్లు చూడడం. ఆ తర్వాత రివర్స్ షాడో: కొత్తవాళ్లు చేస్తుంటే పాతవాళ్లు చూడడం. పద్ధతి మంచిదే. చిక్కు ఎక్కడంటే, చెప్పాల్సినవాడు చాలాసార్లు ఉద్యోగం పోబోతున్నవాడు. మనస్ఫూర్తిగా చెప్పాలన్న ఉత్సాహం అతనికి ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. కేటీ పూర్తయ్యేదాకా ఉంటే అదనంగా ఇంత ఇస్తామని కొన్ని కంపెనీలు రిటెన్షన్ బోనస్ పెట్టేది అందుకే.

అసలు కరుగుదల తర్వాత మొదలవుతుంది. కేటీ తీసుకున్నవాడు ఏడాదికో రెండేళ్లకో పేపర్లు వేస్తాడు. నోటీస్ పీరియడ్‌లో తన తర్వాతివాడికి చెప్తాడు. ప్రతి చేతి మార్పులో తెలిసినదాంట్లో 80 శాతం అవతలికి చేరుతుందనుకుందాం, ఇది కాస్త ఉదారమైన లెక్కే. మొదటివాడికి తెలిసింది 100 అయితే రెండోవాడికి 80, మూడోవాడికి 64, నాలుగోవాడికి 51. నాలుగేళ్లు గడిచేసరికి సిస్టమ్ సగమే తెలిసిన టీమ్ చేతిలో ఉంటుంది. అందులో ఎవరి తప్పూ కనిపించదు. వెండర్ ప్రతి సీటూ నింపే ఉంచుతాడు. బిల్లులో పదిమంది ఉంటారు, పదిమందీ కనిపిస్తారు.

ఈ కరుగుదలను ఆపే మార్గాలు రెండు వైపులా ఉన్నాయి. కీలకమైన కొందరిని ఫలానా కాలం వరకు వేరే అకౌంట్‌కి (వేరే క్లయింట్ పనికి) మార్చకూడదని కాంట్రాక్టులో రాసుకోవచ్చు. రాజీనామాను మాత్రం ఏ కాంట్రాక్టూ ఆపలేదు. రెండోది, క్లయింట్ తన దగ్గర కొంతమంది తెలిసినవాళ్లను ఉంచుకోవడం. ఖర్చు తగ్గించుకుందామని మొదలుపెట్టిన పనిలో ఈ కొద్దిమంది జీతాలు మొదట కంటికి పడతాయి. వాళ్లను కూడా తీసేస్తే, వెండర్ చెప్పేది నిజమా కాదా తేల్చగలిగేవాడు క్లయింట్ ఆఫీసులో ఒక్కడూ మిగలడు. ఈ మొత్తం వ్యవహారంలో అన్నింటికన్నా తక్కువ అంచనా వేసే రిస్క్ ఇదేనని నాకనిపిస్తుంది.

పచ్చగా కనిపించే రిపోర్టుల లోపల

ఎస్‌ఎల్‌ఏ అంటే ఎంత వేగంగా, ఎంత నమ్మకంగా సేవ అందాలో అంకెల్లో రాసుకున్న ఒప్పందం. పరిశ్రమలో దీని మీద ఒక జోక్ ఉంది: పుచ్చకాయ రిపోర్ట్. బయటికి పచ్చ, కోస్తే ఎరుపు. ఎలా అలా అవుతుందో లెక్కలో చూద్దాం.

30 రోజుల నెలలో 43,200 నిమిషాలు. 99.9 శాతం అందుబాటు అంటే నెలకు 43 నిమిషాలు ఆగినా ఒప్పందం తప్పినట్టు కాదు. వినడానికి బానే ఉంది. కానీ ఒక అప్లికేషన్ నడవాలంటే నెట్‌వర్క్, సర్వర్, డేటాబేస్ మూడూ ఉండాలి. మూడూ ముగ్గురు వెండర్ల దగ్గర, ఒక్కొక్కటీ 99.9 శాతం చొప్పున ఉన్నాయనుకుందాం. అవి వేర్వేరు సమయాల్లో ఆగితే వాడేవాడికి దక్కేది 99.7 శాతమే, అంటే నెలకు దాదాపు 129 నిమిషాలు ఆగవచ్చు. ముగ్గురు వెండర్ల రిపోర్టుల్లోనూ పచ్చరంగే. కస్టమర్ దగ్గర తిట్లు తినేవాళ్లకి మాత్రం రెండు గంటల అంతరాయం.

ఇంకోటి సగటు మాయ. నెలకు 1,000 టికెట్లు, 95 శాతం గడువులోపు తేల్చాలన్నది ఒప్పందం. 970 తేలాయి, శభాష్. ఆ మిగిలిన 30లో పాస్‌వర్డ్ రీసెట్లు ఉన్నాయా, బిల్లింగ్ మొత్తం ఆగిన అతి తీవ్రమైన (పీ-1) సమస్య ఉందా అన్నది ఈ శాతంలో కనిపించదు.

మూడోది ఈ పనిలో ఉన్నవాళ్లకి బాగా తెలిసిందే: గడియారం ఆపడం. టికెట్‌ను ‘యూజర్ జవాబు కోసం ఎదురుచూస్తున్నాం’ అన్న స్థితిలో పెడితే ఎస్‌ఎల్‌ఏ గడియారం ఆగుతుంది. నిజంగా సమాచారం కావాల్సినప్పుడు అది న్యాయమైన ఏర్పాటే. గడువుకి పది నిమిషాల ముందు ‘సమస్య ఇంకా ఉందా?’ అని ఒక మెయిల్ పడేసి హోల్డ్‌లో పెట్టడం వేరే విద్య. క్లయింట్ దేశంలో అర్ధరాత్రి పంపితే పొద్దుటిదాకా జవాబు రాదన్న గ్యారంటీ కూడా ఉంటుంది. ఇది చేసేవాళ్లని తిట్టే ముందు ఒకటి గుర్తుంచుకోవాలి: వాళ్ల అప్రైజల్ ఆ అంకె మీదే ఉంటుంది. ఏది కొలిస్తే అదే దక్కుతుంది. అందుకే కొన్ని ఒప్పందాల్లో ఇప్పుడు హోల్డ్‌లో గడిపిన సమయాన్నీ, మళ్లీ తెరుచుకున్న టికెట్లనూ విడిగా కొలుస్తున్నారు.

ఎస్‌ఎల్‌ఏ తప్పితే వెండర్ ఇచ్చే సర్వీస్ క్రెడిట్‌ను చాలామంది నష్టపరిహారం అనుకుంటారు. కాదు, అది బిల్లులో తగ్గింపు మాత్రమే. నెల బిల్లు 100, క్రెడిట్ గరిష్ఠంగా 10 శాతం అనుకుంటే, అంతరాయం వల్ల 900 నష్టపోయిన క్లయింట్‌కి వచ్చేది 10. అంతకు మించి కావాలంటే కోర్టుకో ఆర్బిట్రేషన్‌కో వెళ్లాలి. అక్కడ బాధ్యత పరిమితి అడ్డొస్తుంది. అది చాలా కాంట్రాక్టుల్లో ఏడాది బిల్లు చుట్టుపక్కలే ఉంటుంది. వెండర్ వైపు నుంచి చూస్తే ఇదీ సబబే: 100 తీసుకునే పనికి 10,000 రిస్క్ నెత్తిన పెట్టుకోమంటే ఎవరూ ఆ ధరకు రారు.

వందలో నలభై మిగులుతుందా?

సొంతంగా నడిపితే ఏడాదికి 100 ఖర్చవుతున్న చోట వెండర్ 60కి చేస్తానన్నాడు. బోర్డు ముందుకు వెళ్లే స్లైడ్‌లో ‘40 శాతం ఆదా’ అని ఉంటుంది. ఇప్పుడు ఆ స్లైడ్‌లో లేనివి కలుపుదాం. వెండర్‌ను చూసుకోవడానికి, సిస్టమ్ తెలిసినవాళ్లను ఉంచుకోవడానికి 12. సురక్షిత యాక్సెస్, లింకులు, ఆడిట్లకు 5. ఒప్పందంలో లేని పనులకు వచ్చే ఛేంజ్ రిక్వెస్ట్‌ల బిల్లులు 6. కేటీ కాలంలో పాత టీమ్‌కీ కొత్త టీమ్‌కీ కలిపి ఇచ్చే ఖర్చు, ఒక్కసారికే, 24.

మొదటి ఏడాది మొత్తం 107. అంటే సొంతంగా నడిపిన దానికంటే ఎక్కువే. రెండో ఏడాది 83, మూడో ఏడాది 83. మూడేళ్ల సగటు 91. ఆదా 40 కాదు, 9. రెండేళ్లకే తెగతెంపులు చేసుకుంటే 200 అయ్యే చోట 190 అయింది, అంతే. బయటికొచ్చేటప్పుడు మళ్లీ కేటీ ఖర్చు ఉంటుంది కాబట్టి ఆ 10 కూడా ఆవిరే.

అంకెలు నేను ఊహించి వేసినవి. నిజ జీవితంలో ఆదా ఇంతకంటే బాగా ఉన్న ఒప్పందాలూ ఉంటాయి, నష్టంలో ముగిసినవీ ఉంటాయి. చూడాల్సింది అంకెల కంటే వాటి తీరును: ఆదా వెనక్కి జరుగుతుంది, ఖర్చు ముందుకొస్తుంది. ఆపైన, మిగిలే ఆ 9 కోసం ఎంత రిస్క్ తీసుకుంటున్నామన్నది అప్పుడు సూటి ప్రశ్న అవుతుంది. 40 కోసమైతే ఒక జవాబు, 9 కోసమైతే ఇంకోటి.

తాళాలు ఎందరి చేతుల్లో?

ఇన్‌ఫ్రా టీమ్ చేతిలో అడ్మిన్ అధికారాలు ఉంటాయి. హ్యాకర్ కోణంలో ఆలోచిస్తే లెక్క తేలిగ్గా తేలుతుంది: వంద కంపెనీలను విడివిడిగా బద్దలు కొట్టడం కంటే ఆ వందకీ సపోర్ట్ ఇచ్చే ఒక్క వెండర్‌లోకి దూరడం లాభం. ఏపీటీ-10 అనే హ్యాకర్ల బృందం సరిగ్గా ఇదే చేసింది. మేనేజ్డ్ సర్వీస్ ప్రొవైడర్ల, అంటే ఇలాంటి సపోర్ట్ వెండర్ల నెట్‌వర్కుల్లోకి చొరబడి, అక్కడి నుంచి వాళ్ల క్లయింట్ల దగ్గరికి వెళ్లింది. 2018 డిసెంబర్‌లో అమెరికా న్యాయశాఖ దీని మీద ఇద్దరు చైనా పౌరులపై అభియోగాలు మోపింది. 2021 జులైలో కసేయా సంస్థ రిమోట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ మీద రాన్సమ్‌వేర్ (డేటాకి తాళం వేసి డబ్బు గుంజే) దాడి జరిగింది. నేరుగా దెబ్బతిన్న కస్టమర్లు 60 లోపే. వాళ్లు సపోర్ట్ ఇచ్చే చిన్న వ్యాపారాలు మాత్రం 1,500 దాకా. స్వీడన్‌లో కూప్ సూపర్‌మార్కెట్లు దాదాపు 800 మూతపడ్డాయి. ఆ గొలుసు దుకాణాలకు కసేయాతో నేరుగా లావాదేవీ కూడా లేదు.

రక్షణ పద్ధతులు తెలిసినవే. క్లయింట్ సిస్టమ్‌లోకి నేరుగా కాకుండా, మధ్యలో కాపలా ద్వారంలా ఉండే జంప్ సర్వర్ గుండానే రావడం. ఒక్కొక్కరికీ సొంత ఐడీ. అడ్మిన్ అధికారం శాశ్వతంగా కాకుండా, టికెట్ ఉన్నప్పుడు, ఆ కాసేపటికే. చేసిందంతా రికార్డ్. ఆచరణలో ఇవి సడలేది తెల్లవారుజాము 4 గంటలకు. పీ-1 నడుస్తుంటుంది, యాక్సెస్ ఆమోదించాల్సిన మేనేజర్ ఫోన్ ఎత్తడు, టీమ్ లీడ్ దగ్గర పాత షేర్డ్ ఐడీ ఒకటి ఉంటుంది. అది వాడితే పది నిమిషాల్లో సమస్య తీరుతుంది, ఎస్‌ఎల్‌ఏ దక్కుతుంది. ఆ టెన్షన్‌లో ఎంతమంది వద్దంటారు? అత్యవసర యాక్సెస్‌కి వేగవంతమైన, రికార్డయ్యే దారి ముందే లేకపోతే, నియమం ఎంత కఠినంగా ఉంటే పక్కదారి అంత అరిగిపోతుంది.

హెల్ప్‌డెస్క్ సంగతి మరీ సున్నితం. ఫోన్‌లో ఉన్నవాడు వేల మైళ్ల దూరంలో, ఎప్పుడూ వినని గొంతు. సాయం చేయడమే ఏజెంట్ ఉద్యోగం, కాల్ త్వరగా ముగించడమే కొలత. ‘మీ మేనేజర్‌కి తిరిగి ఫోన్ చేసి నిర్ధారించుకున్నాకే రీసెట్ చేస్తాను’ అనగలిగే అధికారం క్లయింట్ రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి. పెద్ద హోదా చెప్పి కేకలేసేవాడికి కూడా ఆ నియమమే వర్తించాలి.

డేటా కదలకపోయినా సరిహద్దు దాటుతుంది

‘మా డేటా మా దేశంలోని డేటా సెంటర్‌లోనే ఉంది’ అన్న మాట సగం జవాబే. యూరప్ బయటి దేశంలో ఉన్న వెండర్ అడ్మిన్ ఆ డేటాను తన స్క్రీన్ మీద చూడగలిగితే, యూరప్ వ్యక్తిగత డేటా చట్టం జీడీపీఆర్ ప్రకారం అది విదేశానికి డేటా బదిలీ కిందకే వస్తుందని యూరోపియన్ డేటా ప్రొటెక్షన్ బోర్డు మార్గదర్శకాలు చెప్తున్నాయి.

దీన్ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో స్వీడన్ రవాణా సంస్థ చూపించింది. 2015లో ఆ ప్రభుత్వ సంస్థ తన ఐటీని ఐబీఎంకి అప్పగించింది. చట్టం అడిగే సెక్యూరిటీ క్లియరెన్స్ లేని విదేశీ సిబ్బందికి సున్నితమైన సమాచారం అందుబాటులోకి వెళ్లింది. గడువు ముంచుకొస్తోందని నియమాల్ని పక్కన పెట్టింది సంస్థ అధిపతే. ఆమె పదవి పోయింది, 70,000 క్రోనాల జరిమానా పడింది. 2017 జులైలో ఇద్దరు మంత్రులు పదవులు వదులుకోవాల్సి వచ్చింది. తొందరపడి సంతకం పెట్టింది క్లయింటే.

నియంత్రణ సంస్థలు కూడా బాధ్యతను క్లయింట్ దగ్గరే ఉంచుతున్నాయి. పని ఔట్‌సోర్స్ చేసినంత మాత్రాన మీ బాధ్యత తగ్గదని, 2023 అక్టోబర్‌లో అమల్లోకి వచ్చిన రిజర్వ్ బ్యాంక్ ఐటీ ఔట్‌సోర్సింగ్ ఆదేశాలు బ్యాంకులకు చెప్పాయి. యూరప్‌లో ఆర్థిక సంస్థలకు, ఐటీ అంతరాయాలను తట్టుకునేలా చేయడానికి తెచ్చిన డోరా చట్టం 2025 జనవరి 17 నుంచి వర్తిస్తోంది. ఆడిట్ హక్కులు, వెండర్ తన పనిని ఇంకెవరికి ఇస్తున్నాడన్న వివరాలు, బయటికొచ్చే ప్రణాళిక, ఇవన్నీ ఉండాలని అది అడుగుతుంది.

దేశాన్ని నిందిస్తే తేలేదెంత?

2012 జూన్‌లో బ్రిటన్‌లోని ఆర్‌బీఎస్, నాట్‌వెస్ట్, అల్‌స్టర్ బ్యాంకుల్లో 65 లక్షల మందికి పైగా కస్టమర్లు ఇబ్బంది పడ్డారు. రాత్రిపూట లావాదేవీలను వరసగా నడిపించే బ్యాచ్ షెడ్యూలర్ సాఫ్ట్‌వేర్‌ను అప్‌గ్రేడ్ చేశారు, తేడా కనిపించి వెనక్కి తీశారు, ఆ వెనక్కి తీయడమే కొంప ముంచింది. ఒక రాత్రి బ్యాచ్ పూర్తికాకపోతే మర్నాటిది దాని వెనక ఇరుక్కుంటుంది, ఎల్లుండిది దాని వెనక. అల్‌స్టర్ బ్యాంక్ కస్టమర్ల ఇబ్బందులు జులై దాకా సాగాయి.

వెంటనే వేళ్లన్నీ ఇండియా వైపు తిరిగాయి, బ్యాంకు ఐటీ ఉద్యోగాలు అక్కడికి వెళ్లాయని యూనియన్లు గుర్తుచేశాయి. ఆ సిస్టమ్స్ నడిపేది ఎడిన్‌బరోలోని మా టీమేనని బ్యాంకు చెప్పింది. 2014 నవంబర్‌లో నియంత్రణ సంస్థలు కలిపి 5.6 కోట్ల పౌండ్ల జరిమానా వేసినప్పుడు ఎత్తిచూపింది టెస్టింగ్, రిస్క్ నియంత్రణల లోపాలనే.

2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంక్ కొత్త ప్లాట్‌ఫామ్‌కి మారి చతికిలబడింది. పని అప్పగించింది అప్పటి తన మాతృ సంస్థ సబడెల్‌కి చెందిన సాబిస్‌కే, అంటే ఇంటివాళ్లకే. సొంత గ్రూపే కదా అన్న భరోసా అక్కరకు రాలేదు. బ్యాంకుకి 4.865 కోట్ల పౌండ్ల జరిమానా పడింది. 2023లో మరో అడుగు పడింది: ఔట్‌సోర్సింగ్‌ను సరిగా పర్యవేక్షించలేదని అప్పటి ఐటీ అధిపతికి (సీఐఓ) వ్యక్తిగతంగా 81,620 పౌండ్ల జరిమానా వేశారు.

కాబట్టి ‘ఆఫ్‌షోర్ అంటేనే రిస్క్’ అన్న వాదన నిలవదు. దానికి ఎదురు వాదనలోనూ పసుంది. ముగ్గురే అడ్మిన్లున్న చిన్న కంపెనీలో ఒకరు పెళ్లికి, ఒకరు జ్వరంతో వెళ్తే మూడోవాడే దిక్కు. 24 గంటలూ మనుషులుండే, వందల సిస్టమ్స్ చూసిన వెండర్ ఆ కంపెనీకి రిస్క్ తగ్గిస్తాడు, పెంచడు. ఎక్కడ పగలైతే అక్కడికి వెళ్లేలా పనిని దేశాల మధ్య తిప్పితే నైట్ షిఫ్ట్ అలసట కూడా తగ్గుతుంది. దానికి బదులుగా రోజుకు రెండో మూడో హ్యాండోవర్లు వస్తాయి, ఒక్కో హ్యాండోవర్‌లో ఏదో ఒకటి జారుతుంది.

అలాగని దూరానికి ధరే లేదనడం కూడా సరికాదు. 2008 జనవరి చివర్లో అలెగ్జాండ్రియా దగ్గర సముద్రపు కేబుళ్లు తెగితే ఈజిప్టు నుంచి ఇండియా దాకా ఇంటర్నెట్ కుంటుపడింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మరో వింత ఎదురైంది. ఫోన్లు కూడా తీసుకెళ్లనివ్వని, ఒక్క క్లయింట్ పనికే కేటాయించిన ఓడీసీల్లోనే (ఆఫ్‌షోర్ డెవలప్‌మెంట్ సెంటర్లు) పని జరగాలని కాంట్రాక్టులు రాసుకున్నారు. కొద్ది రోజుల్లో డెస్క్‌టాప్‌లే ఉద్యోగుల ఇళ్లకు చేరాయి, ఇంటి నుంచి పనికి క్లయింట్ల అనుమతుల కోసం వెండర్లు పరుగులు పెట్టారు. ఆఫీసు భవనం ఉన్నంతకాలం బాగా పనిచేసిన భద్రతా నియమాలవి. భవనంలోకే వెళ్లలేని రోజు గురించి కాగితం మీద ఎవరూ ఆలోచించలేదు.

బయటికొచ్చే దారి

వెండర్‌తో పొసగకపోవడం ఒకటే కాదు, వెండరే కూలిపోవచ్చు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లెక్కల్లో 7,000 కోట్ల రూపాయలకు పైగా మాయ ఉందని ఒప్పుకున్నప్పుడు, ఆ కంపెనీ చేతుల్లో సిస్టమ్స్ పెట్టిన క్లయింట్లు రాత్రికి రాత్రి ఏం చేయగలరు? ప్రభుత్వం కొత్త బోర్డును పెట్టింది, ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ముందుకొచ్చింది, పని ఆగిపోలేదు. ప్రతి వెండర్‌కీ అలాంటి ఆదుకోలు దొరుకుతుందన్న హామీ లేదు.

కాంట్రాక్టుల్లో ఎగ్జిట్ క్లాజ్ ఉంటుంది. వెండర్ ఇన్ని నెలలు సహకరించాలి, కేటీ ఇవ్వాలి అని రాసి ఉంటుంది. అసలు చిక్కులు వస్తువుల దగ్గర వస్తాయి. రోజూ సర్వర్లను సరిచేసే ఆటోమేషన్ స్క్రిప్టులు ఎవరివి? క్లయింట్ సిస్టమ్ మీదే నడుస్తున్నా, తమ మేధోసంపత్తి అని వెండర్ అనవచ్చు. మానిటరింగ్ టూల్ లైసెన్స్ వెండర్ పేరు మీద ఉంటే, అతను వెళ్లిన రోజు అలర్ట్‌లు కూడా వెళ్తాయి. టికెట్ల చరిత్ర వెండర్ టూల్‌లో ఉంటే, ఏ సర్వర్ ఏ నెలలో ఎందుకు మొండికేసిందన్న ఏళ్ల జ్ఞాపకం ఒక ఎక్సెల్ ఫైల్‌గా చేతికొస్తుంది, అదీ అడిగితే.

మనుషుల సంగతి ఇంకా గడ్డు. అకౌంట్ పోతోందని తెలియగానే వెండర్ తన మంచి ఇంజినీర్లను ముందు వేరే క్లయింట్‌కి మారుస్తాడు, వ్యాపారపరంగా అది అతనికి సహజం. వాళ్లను క్లయింట్ తనే ఉద్యోగంలోకి తీసుకుందామంటే, సంతకం పెట్టిన రోజు ఎవరూ పట్టించుకోని ఒక పేరా అడ్డం వస్తుంది: వెండర్ ఉద్యోగుల్ని ఏడాదో రెండేళ్లో తీసుకోకూడదన్న నిబంధన. ఒప్పందం తమ తప్పు వల్ల కాకుండా ముగిసిపోతే అది వర్తించదన్న మినహాయింపును కొందరు క్లయింట్లు మొదట్లోనే రాయించుకుంటారు. ఒప్పందం కుదరక ముందు, వెండర్ అకౌంట్ కోసం ఆత్రంగా ఉన్నప్పుడు, దానికి పెద్దగా బేరం కూడా అక్కర్లేదు. ఎగ్జిట్ నోటీసు ఇచ్చాక అదే మినహాయింపు అడిగితే దానికి విడిగా ధర ఉంటుంది.